ఫోటోలో లెక్కపెట్టిన తలలు

ముందే చెప్పేస్తాను, ఆయన క్షేమంగా ఉన్నాడు. ఈ సంగతి ఎవరికి చెప్పడం మొదలుపెట్టినా మధ్యలో ఆపి, "ఇంతకీ పెద్దాయనకు ఏం కాలేదు గదా?" అని అడుగుతున్నారు. కాలేదు. మొన్న కూడా క్లబ్బుకు వచ్చి, నేను తీసిన ఫోటో చూసి, "ఆకాశం ఇంత పెట్టినావు, దాంట్లో ఏముండాదని?" అని తిట్టి పోయాడు. ఆ తిట్టు వింటూ నేను లోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

నంద్యాలలో మా ఫోటోగ్రఫీ క్లబ్ ఒక మేడ మీది గదిలో నడుస్తుంది. కింద సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం, పైన మేము. ఆ గది ఒకప్పుడు పెద్దాయన స్టూడియో. వెనక గోడకు ఆయన కాలం నాటి తెర ఇంకా వేలాడుతోంది. దాని మీద మెట్లు, స్తంభాలు, పూలకుండీలు, దూరంగా మంచుకొండలు. మంచు అంటే ఏమిటో చూడనివాళ్లు ఎంతమందో ఆ కొండల ముందు నిలబడి పెళ్లి ఫోటో దిగారు.

క్లబ్బును నడిపేది ముగ్గురం. పెద్దాయన అధ్యక్షుడు, ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఒక శిల్పి ఉపాధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఎవరికీ జీతం లేదు. గది ఊడ్చేది, కుర్చీలు వేసేది, కొత్తవాళ్లకు కెమెరా పట్టుకోవడం నేర్పేది, నెలకొకసారి అందరినీ ఎక్కడికైనా తీసుకెళ్లి తిరిగి ఇంటికి చేర్చేది మేమే. ఈ ఆఖరి పని దగ్గరే నేను తప్పు చేశాను.

పెద్దాయనది మిడుతూరు దగ్గర పల్లె. పాతకాలం నుంచి భూములున్న రైతు కుటుంబం. చదువుకోమని నంద్యాలకు పంపితే ఆయన ఒక స్టూడియోలో చేరిపోయాడు. ఒకరోజు తండ్రి చూడటానికి వచ్చేసరికి ఈయన పెట్టె కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి ఉన్నాడట. "సేద్యం చేసేటోని కొడుకు ముసుగేసుకోని నిలబడేదేందిరా" అని ఆ తండ్రి గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడట. చాలా ఏళ్ల తర్వాత అదే తండ్రి మొహాన్ని నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో సరిచేస్తూ, ముడతలు తీసెయ్యాలా ఉంచాలా అని ఒక పూటంతా కూర్చున్నానని మాకు చెప్పాడు. "ఉంచినా" అన్నాడు. ఫోన్లలో కెమెరాలు వచ్చాక స్టూడియో మూతపడింది. గదిని ఖాళీగా చూడలేక క్లబ్బుకు ఇచ్చేశాడు.

శిల్పి నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. ఆళ్లగడ్డలో పొద్దున లేచిందగ్గర్నుంచి ఉలి చప్పుడు వినిపించే వరసలో అతని షెడ్డు ఉంది. తాతల నాటి పని. దూరపు ఊళ్ల నుంచి విగ్రహాలు చేయించుకునేవాళ్లు ముందుగా ఫోటో పంపమంటారు. ఒకసారి ఎదురుగా ఫ్లాష్ వేసి తీసి పంపితే, ముక్కు చదునుగా ఉందని వాళ్లు వద్దన్నారు. ముక్కు చక్కగానే ఉంది, ఫోటోలోనే చదునైంది. ఆ కోపంతో కెమెరా నేర్చుకోవడానికి పెద్దాయన దగ్గరికి వచ్చాడు. పెద్దాయన మొదటి రోజు చెప్పింది ఒక్కటేనట, "వెలుతుర్ని పక్కనుంచి రానీ."

నేను బైబిలు వాక్యంలో పెరిగినదాన్ని. మా నాయన సువార్తికుడు. ఆళ్లగడ్డ చుట్టూ ఉన్న పల్లెలన్నీ సైకిలు మీద తిరిగేవాడు. నేను నంద్యాలలో టీచరునయ్యాను, ఆదివారం మధ్యాహ్నాలు మా సంఘంలో పిల్లలకు బైబిలు పాఠాలు చెబుతాను. విగ్రహాలు చెక్కే మనిషి పక్కన కూర్చుని మీటింగు నడపడం నాకు మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. మా సంఘంలో ఒక పెద్ద, "ఏమ్మా, ఆడ ఎవరితో కూసుంటాండావు?" అని అడిగాడు కూడా. నా విశ్వాసం ఏమీ మారలేదు. ఆ శిల్పి నాతో ఎప్పుడూ వాదించలేదు, నేనూ అతనితో వాదించలేదు. మేమిద్దరం మాట్లాడుకునేది వెలుతురు గురించే. అతని కోసం నేను రోజూ ప్రార్థన చేస్తాను, అది అతనికీ తెలుసు. "చేయక్కా, నాకేం పోతాది" అంటాడు.

నేను కెమెరా పట్టింది మా సంఘం కోసమే. సంఘం పెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా ఒక పుస్తకం వేయాలనుకున్నాం. మొదటి తరం విశ్వాసుల్లో చాలామందికి ఒక్క ఫోటో కూడా లేదు. బతికున్న ముసలివాళ్లనైనా తీయాలని ఒక కెమెరా అడుక్కుని పల్లెలకు బయల్దేరాను. ప్రింట్ల కోసం పెద్దాయన దగ్గరికి వెళితే, ఆయన అన్నీ బల్ల మీద పరిచి చూసి, "టీచరమ్మా, ఈళ్లందరూ ఊపిరి బిగబట్టుకోనుండారు. తీసేముందు నువ్వేమన్నా బెదిరిస్తాండావా?" అన్నాడు. ఆ మర్నాడు ఆయనే నాతోపాటు వచ్చాడు. ఒక్కొక్క అవ్వ పక్కన కూర్చుని, జొన్నల ధర గురించీ కోడళ్ల గురించీ మాట్లాడుతూ, నాకు కనుసైగ చేసేవాడు. ఆ పుస్తకంలో మా వాళ్లు నవ్వుతూ ఉన్నారంటే ఆయన వల్లే.

క్లబ్ మొదలైనప్పుడు బయటి ప్రయాణాలు ఆదివారం పెట్టేవాళ్లు. నేను రాలేనన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆదివారం ఆయమ్మ దేవునిది. మనం రెండో శనివారం పోదాం" అన్నాడు. అప్పట్నుంచి అలాగే నడుస్తోంది.

మాకు ఒక అలవాటు ఉంది. తిరుగు ప్రయాణానికి ముందు అందరినీ నిలబెట్టి ఒక ఫోటో తీస్తాం. తీసేది ఎప్పుడూ పెద్దాయనే. ఎవరు అడిగినా కెమెరా ఇవ్వడు. "నా మొహం జనాలు శానా చూసినారు, పోయి నిలబడండి" అంటాడు. తీశాక ఆ కెమెరా నా చేతికి వస్తుంది. నేను టీచరును గనుక మనుషులను లెక్కపెట్టే పని నాది. మా వాళ్లు ఒక్కచోట నిలబడే రకం కాదు. ఒకరు పిట్ట వెంట పోతారు, ఇంకొకరు లెన్సు మూత వెతుక్కుంటారు. అందుకని నేను మనుషులను లెక్కపెట్టడం మానేసి, ఫోటోలో తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఫోటోలో ఎవరూ కదలరు. దానికి ఫోటో తీసిన పెద్దాయనను ఒకటి కలుపుతాను. చాలా కాలం ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ శనివారం బేతంచెర్ల అవతల, పని ఆగిపోయిన ఒక పాత బండల గనికి వెళ్లాం. నంద్యాలవాళ్లం ఒక చిన్న బస్సులో, ఆళ్లగడ్డవాళ్లు శిల్పి నడిపే జీపులో. మొత్తం పంతొమ్మిది మందిమి. మార్చి నెల ఎండ. రాయి కోసి తీసిన చోట గోడలు మెట్లుమెట్లుగా, సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. నీడ ఎక్కడ పడితే అక్కడ ఒక ఫోటో ఉంది. మధ్యాహ్నం చెట్ల కింద డబ్బాలు విప్పి తిన్నాం. పెద్దాయన మాత్రం, "మీరు తినండి, నీడ పోతాది" అని మళ్లీ గనిలోకి దిగిపోయాడు. ఆయనకు చక్కెర జబ్బు. పొద్దున మాత్ర వేసుకున్న మనిషి మధ్యాహ్నం తినకపోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. తెలిసి కూడా, తర్వాత తింటాడులే అనుకున్నాం.

మూడున్నరకు శిల్పి పైనుంచి కేకేశాడు. "అన్నా! రాన్నా, ఫోటో!"

కిందనుంచి జవాబు వచ్చింది. "మీరు కానీయండి, వస్తాండా!"

శిల్పి తన కెమెరాను స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, పరుగెత్తుకొచ్చి మా వరసలో చివర నిలబడ్డాడు. అందరం నవ్వాం. తర్వాత సామాన్లు సర్దుకోవడంలో పడ్డాం. నాకు ఆ సాయంత్రం ఆరింటికి స్త్రీల ప్రార్థనకూడిక ఉంది, వాక్యం చెప్పాల్సింది నేనే. ఒక్కొక్కరినీ తొందరపెట్టి బస్సెక్కించాను. శిల్పి కిటికీలోంచి కెమెరా ఇచ్చాడు. ఎండకు కెమెరా తెర సరిగా కనిపించక కొంగు అడ్డం పెట్టుకుని లెక్కపెట్టాను. పద్దెనిమిది. ఇంకొకటి కలిపాను. పంతొమ్మిది.

"సరిపోయింది, పోనీండి" అన్నాను.

పాణ్యం దగ్గర టీ కోసం ఆగాం. జీపు ముందే వచ్చి ఉంది. శిల్పి రెండు గ్లాసులు పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, అన్నకు చక్కెర లేకుండా చెప్పినా. దిగమను."

"అన్న నీ జీపులో గదా ఉండేది? ముందు సీటు ఖాళీగా ఉంటే అట్లనే అనుకున్నా."

"నా జీపులో యాడుండాడు? బస్సులో నీ ముందర్నే గదా కూసునేది."

నేను బస్సులోకి తిరిగి చూశాను. కెమెరా స్టాండ్ల కింద, సీటు అడుగున, పెద్దాయన గుడ్డసంచి ఉంది. తీసి చూస్తే అందులో ఆయన ఫోను, మాత్రల డబ్బీ, అన్నం డబ్బా. డబ్బా బరువుగా ఉంది. మూత కూడా తీయలేదు.

బస్సును అక్కడే ఆపి, సంచి తీసుకుని నేను జీపెక్కాను. జీపులో వచ్చినవాళ్లు దిగిపోయారు. శిల్పి జీపును వెనక్కి తిప్పాడు. కొంచెం దూరం పోయాక అడిగాడు.

"యాడ చూసి లెక్కేసినావక్కా?"

"ఫోటోలో."

"ఫోటోలోనా?"

"ఎప్పుడూ అట్లనే. పద్దెనిమిది, అన్న ఒకటి."

అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. "ఆ ఫోటో తీసింది అన్న కాదు గదా అక్కా. నేను టైమర్ పెట్టినా. నేను గూడా దాంట్లోనే ఉండా."

కలిపిన ఆ ఒక్కటి ఎప్పుడూ ఆయనదే. ఆ రోజు ఆయన అక్కడ లేకపోయినా, అలవాటుగా ఆయననే కలిపాను. ఆ ఒక్కటి కలపకపోయి ఉంటే ఒకరు తక్కువని ఆ క్షణమే తెలిసేది. తప్పిపోయిన గొర్రె కోసం వెనక్కి వెళ్లిన కాపరి పాఠం నేను ఏటా పిల్లలకు చెబుతాను. చార్టు మీద దూది గొర్రెలు అతికించి, ఒకటి తీసి దాచి, ఏది లేదో చెప్పమంటాను. ఆ కాపరి తన గొర్రెలను కళ్లారా చూసి లెక్కపెట్టుకున్నాడు. నేను ఆరింటి కూడికలో చెప్పాల్సిన వాక్యం మనసులో తిప్పుకుంటూ, నాకు అప్పగించిన మనిషిని రాళ్ల మధ్య వదిలి వచ్చాను.

సంచిలో ఫోను మోగింది. ఆయన భార్య. మోగి ఆగి, మళ్లీ మోగింది. ఎత్తాను.

"టీచరమ్మా, నువ్వా? ఈయప్ప తిన్నాడా తల్లీ? పొద్దున మాత్రేసుకోని పోయినాడు. తినకపోతే కండ్లు తిరుగుతాయి ఆ మనిషికి."

"డబ్బా నా చేతిలోనే ఉండాదమ్మా. ఆయన దగ్గరికే పోతాండాం."

"పెట్టు తల్లీ. దగ్గరుండి పెట్టు. నువ్వు చెప్తే ఇంటాడు."

ఫోను పెట్టేశాక, చెప్పిందాంట్లో అబద్ధం లేదని నాకు నేను చెప్పుకోబోయాను. కుదరలేదు. ఆమెను నేను మోసం చేశానని నాకు తెలుసు. నలుగురి ముందు లేచి ప్రార్థన చేయమంటే నాకు ఎప్పుడూ మాటలకు కొరత లేదు. ఆ దారిలో మాత్రం "ప్రభువా, ఆయన లేచి కూర్చుని ఉండాల" అనే ఒక్క మాట తప్ప ఏమీ రాలేదు. అదే అన్నాను, మళ్లీ మళ్లీ. పక్కన శిల్పి పెదాలు కూడా కదులుతున్నాయి. అతను ఎవరిని పిలుస్తున్నాడో నేను అడగలేదు. ఎదురుగా బండలు నింపుకుని వస్తున్న లారీలు లేపిన దుమ్ములో దారి కనిపించక, అతను నెమ్మదించాల్సి వచ్చినప్పుడల్లా స్టీరింగు మీద కొట్టాడు.

గని దగ్గరికి చేరేసరికి ఎండ పసుపుపచ్చగా మారింది. జీపు ఆగీ ఆగకముందే అతను దూకి, "అన్నా!" అని అరిచాడు. గోడలు ఆ కేకను తిప్పి కొట్టాయి తప్ప జవాబు రాలేదు. మేము తిన్న చెట్ల కింద లేడు. కింది మెట్టు మీద ఆయన కెమెరా స్టాండు మాత్రం నిలబడి ఉంది. దాని మీద కెమెరా లేదు. శిల్పి గోతి అంచున వంగి కిందికి చూస్తున్నాడు. నేను అటు చూడలేకపోయాను.

అప్పుడు పక్క గనిలోంచి ఎవరో నవ్వడం వినిపించింది.

రాళ్ల కుప్ప దాటి చూస్తే అక్కడ పేర్చిన బండల నీడలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. పనికిరాని ముక్కలు ఏరి బండి మీదికి ఎత్తే భార్యాభర్తలు, వాళ్ల మధ్యలో పెద్దాయన. ఆయన ఒళ్లో కెమెరా, చేతిలో జొన్నరొట్టె.

"ఏందప్పా, ఇంగా ఎండ దిగలేదు, అప్పుడే పిలుస్తాండారా?" అన్నాడు.

శిల్పి ఉన్నచోటనే ఒక బండ మీద కూలబడ్డాడు. "నిన్ను ఇడిసిపెట్టి పాణ్యం దాకా పోయినామన్నా."

"ఎవరు?"

"మేమే. అందరం."

పెద్దాయన ముఖం చూస్తే ఆయనకు ఆ సంగతే తెలియదని అర్థమైంది. మేమంతా అవతలి గనిలో ఇంకా ఫోటోలు తీసుకుంటున్నామని అనుకున్నాడు. జవాబు చెప్పింది ఆ కూలి దంపతుల్లో భార్య.

"ఈయప్ప మీ మనిషేనా? చేతులు గజగజ వణుకుతాంటే, చెమటలు కారతాంటే, ఆ స్టాండు పట్టుకోని నిలబడినాడు. మా ఆయన పట్టుకొచ్చి ఈడ కూసోబెట్టినాడు. బెల్లం నీళ్లు తాపి, రొట్టె పెట్టినా. ఇంతమంది మెడలో కెమెరాలు ఏసుకోని వచ్చినారు, ఒక్క ముసలాయన్ని చూసుకోలేకపోయినారా?"

"లేదమ్మా" అన్నాను. "చూసుకోలేదు." ఆమె చేతులు పట్టుకున్నాను. రాయి ఎత్తి ఎత్తి గరుకుదేలిన చేతులు. నీకు దేవుడు మేలు చేయాలమ్మా అన్నాను. "చేస్తాడులే, ముందు ఆయప్పకు అన్నం పెట్టు" అంది.

డబ్బా విప్పి ఇచ్చాను. ఆయన తింటుండగా అంతా చెప్పేశాను. తలల లెక్క, కలిపిన ఒకటి, కూడికకు పోవాలన్న నా తొందర. తప్పు నాది, క్షమించన్నా అన్నాను. ఆయన నమలడం ఆపి విన్నాడు.

"అంటే నీ లెక్కలో నేను బస్సులోనే ఉండా."

"ఆ."

"మరి ఈడ ఈయమ్మ రొట్టె తిన్నోడెవడు?"

ఆ భార్యాభర్తలు పడిపడి నవ్వారు. శిల్పి నవ్వలేదు. "ఫోను సంచిలో పెట్టి గనిలోకి దిగుతావా అన్నా? నీకేమన్నా అయ్యుంటే వదినకు ఏం చెప్పాలి మేము?" అని గొంతెత్తాడు. పెద్దాయన తల దించుకుని, "తప్పే రా. ఆ గోడ మీద ఎండ అట్ల పడింది" అన్నాడు. అంతటి మనిషి అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

దారిలో ఆయన వెనకసీట్లో కునుకు తీశాడు. నేను మాటిమాటికీ తిరిగి, ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూనే ఉన్నాను. కూడికకు వేరేవాళ్లను చూసుకోమని ఫోను చేశాను. ఆ తర్వాతి నెల నుంచి రిజిస్టరులో పేర్లు పిలుస్తున్నాను. పిలిస్తే పలకాల్సిందే, చెయ్యెత్తితే ఒప్పుకోను. మా వాళ్లు బడిపిల్లల్లా ఎగతాళిగా "ప్రెజెంట్ టీచర్" అని అరుస్తారు. అరవనీ.

పాణ్యంలో ఆగి ఉన్న బస్సును కూడా బయల్దేరదీసి, నంద్యాలలో పెద్దాయన ఇంటి ముందు దిగేసరికి చీకటి పడుతోంది. ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఆయన భార్య వాకిట్లోనే ఉంది. వెళ్లిపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు. నేను ఆమె ముందు నిలబడి, ఫోనులో నిజం దాచానని చెప్పాను. మేము ఆయనను గని దగ్గర వదిలేసి వచ్చామని, ఆయన చేతులు వణికాయని, ఎవరో తల్లి బెల్లం నీళ్లు తాపిందని, అన్నీ చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింది. కేకలు వేస్తుందనుకున్నాను. లోపలికి తొంగిచూసి, ఆయన కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు విని, నా వైపు తిరిగింది.

"తల్లీ, మీరు నయం. గంటకే తిరిగి పోయినారు. నాకు పెండ్లయిన కొత్తలో బనగానపల్లెలో ఏదో పెండ్లికి ఫోటోలు తీయనీకి పోతా నన్ను గూడా తోలుకపోయినాడు. తీసినాడు, పెట్టెలు, లైట్లు అన్నీ లెక్కేసుకున్నాడు, బస్సెక్కి వచ్చేసినాడు. నేను ఆడ వంటోళ్ల కాడ కూసోనుండా."

"మళ్లీ ఎప్పుడొచ్చినాడమ్మా?"

"రీలు కడిగినాంక. ఫోటోలో నా మొహం కనపడినాంక గుర్తొచ్చినానంట!"

లోపల్నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "ఆ ఫోటో శానా బాగొచ్చిందిలే!"

నేను అరుగు మీద కూలబడ్డాను. పాణ్యం దగ్గర్నుంచి ఆపుకుంటూ వచ్చినదంతా, నవ్వూ ఏడుపూ కలిసి, ఒకేసారి బయటికి వచ్చింది. ఆమె పక్కన కూర్చుని, నా వీపు నిమురుతూ, "వచ్చినాడు గదా తల్లీ, వచ్చినాడు గదా" అంటూనే ఉంది.